దారుల్‌షిఫా: సమతూకానికి కట్టిన ఇల్లు

పాతబస్తీలో మనుషులు ఒకరినొకరు పలకరించుకునే మాటల్లో ఒక వైద్యశాస్త్రమే దాగి ఉంది. మర్యాదస్తుడైన ఉర్దూ పెద్దమనిషి ఎదురైతే "మిజాజ్ షరీఫ్?" అని అడుగుతాడు. కాస్త చనువున్నవాడైతే "తబియత్ కైసీ హై?" అంటాడు. అదే దారిలో గౌలీపురా నుంచో శాలిబండ నుంచో వస్తున్న తెలుగు ముసలమ్మ "పానం మంచిగున్నదా బిడ్డా?" అంటుంది. మూడూ కుశలప్రశ్నలే. కానీ మూడింటిలో ఒక్కటి కూడా ఒంటిని మాత్రమే ఉద్దేశించి అడిగింది కాదు. మిజాజ్ అంటే కలయిక, మిశ్రమం. తబియత్ అంటే ప్రకృతి. పానం అంటే ప్రాణం. జ్వరం తగిలినా, మనసు వికలమైనా, బతుకు మీదే విసుగు పుట్టినా తెలంగాణ మనిషి నోట వచ్చే మాట ఒక్కటే: "పానం బాగలేదు."

దేహం, మనసు, ఆత్మ అని మనిషిని మూడు ముక్కలు చేసి, ఆ మూడింటినీ సమతూకంలో పెట్టుకోవడం ఎట్లాగో నేర్పే పుస్తకాలకూ శిబిరాలకూ ఈనాడు కొదవ లేదు. పొద్దున ఆసనాలు, మధ్యాహ్నం మితాహారం, సాయంత్రం ధ్యానం. మంచివే, కాదనను. అయితే వాటన్నిటిలోనూ ఒక ఊహ చెప్పకుండానే దాగి ఉంటుంది. సమతూకమనేది ఎవరికి వారు, ఎవరి గదిలో వారు, ఎవరి ఖర్చుతో వారు సంపాదించుకోవలసిన సొత్తు అని. ఈ ఊహ ఎంతవరకు నిజమన్న ప్రశ్నతో నేను పాతబస్తీ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు నన్ను దారుల్‌షిఫా అనే ఒక పేట దగ్గరికి తీసుకువెళ్ళింది.

మొదట ఆ శాస్త్రం సంగతి కొంచెం చెప్పుకోవాలి. దాన్ని యూనానీ అంటారు. యూనాన్ అంటే గ్రీసు. మన పాత గ్రంథాలలోని 'యవన' శబ్దమూ, ఈ 'యూనాన్' శబ్దమూ ఒకే మూలానివి. హిపోక్రాటిస్ పేరుతోనూ, క్రీస్తుశకం 2వ శతాబ్దికి చెందిన గేలెన్ పేరుతోనూ చెలామణి అయిన గ్రీకు వైద్యం బాగ్దాదులో అరబ్బీలోకి వెళ్ళింది. ఇబ్న్ సీనా (980–1037) రాసిన 'కానూన్' అనే మహాగ్రంథంలో అది ఒక కొలిక్కి వచ్చింది. పర్షియా పండితుల వెంట అది దక్కనుకు చేరింది. దాని సారం ఇది. దేహంలో నాలుగు రసాలున్నాయి: రక్తం, కఫం, పచ్చపిత్తం, నల్లపిత్తం. వేడి, చలువ, తేమ, పొడి అనే నాలుగు గుణాలు వీటిలో పాళ్ళు కలిసి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క మిజాజును ఇస్తాయి. ఆ పాళ్ళు కుదిరి ఉంటే ఆరోగ్యం, చెదిరితే రోగం. ఈ నాలుగు రసాల సిద్ధాంతాన్ని నేటి శరీరశాస్త్రం అంగీకరించదు. నేను చెప్పబోయేది ఆ రసాల కథ కాదు. వాటి చుట్టూ అల్లుకున్న ఒక ఆలోచన కథ.

ఆ ఆలోచన పేరు 'ఎతెదాల్'. దీన్ని మనం సమతూకం అని అనువదించుకుంటాం. తెలుగులో ఆ మాట వినగానే త్రాసు కళ్ళముందు మెదులుతుంది. ఈ తట్టలో శేరు, ఆ తట్టలో శేరు. సరిగ్గా ఇక్కడే ఇబ్న్ సీనా ఒక హెచ్చరిక చేశాడు. వైద్యులు చెప్పే ఎతెదాల్ రెండు తట్టలూ ఒకే బరువుగా నిలవడమనే అర్థంలో రాలేదనీ, 'అదల్' అనే మాటలోంచి వచ్చిందనీ అతని వివరణ. అదల్ అంటే న్యాయం. అంటే ప్రతి మనిషికీ, ప్రతి అవయవానికీ దానికి తగిన వాటా దానికి అందడం. గుండెకు తగిన వేడి వేరు, మెదడుకు తగిన చలువ వేరు. పసివాడి మిజాజు వేరు, ముసలివాడిది వేరు. అందరికీ ఒకే కొలత వేస్తే అది తూకమవుతుందే కాని న్యాయం కాదు. దేహంలో ఆరోగ్యమంటే న్యాయమైన పంపకం! ఈ ఒక్క మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

ఇక ఊరి సంగతి. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయి, నీళ్ళకూ గాలికీ కరువు వచ్చిన దశలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా (1580–1612) మూసీకి దక్షిణపు ఒడ్డున కొత్త నగరం తలపెట్టాడు. నది దాటడానికి పురానాపూల్ 1578 నాటికే ఉంది. 1591లో చార్మినార్ లేచింది. దాని నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు రాజవీధులు తీశారు. దక్షిణాన ఉన్న జల్‌పల్లి చెరువు నుంచి నగరానికి నీళ్ళు తెచ్చారు. 17వ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు టావెర్నియే, థెవెనో ఇద్దరూ ఇక్కడి తోటల ముచ్చట రాశారు. చార్మినార్‌ను ఒక మహమ్మారి తొలగినందుకు కృతజ్ఞతగా కట్టారని ఒక కథ ఉంది. హిజ్రీ సహస్రాబ్ది సందర్భంగా కట్టారని మరొక వాదం ఉంది. ఏది నిజమైనా, రోగభయం ఈ ఊరి పుట్టుక కథలోనే చోటు చేసుకున్నదని మాత్రం గమనించాలి.

చార్మినార్ తరవాత ఆ రాజు ఏమి కట్టించాడన్నది నాకు ఇంకా ఆసక్తికరమైన విషయం. 1594 ప్రాంతంలో పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించాడు. అది మొహర్రం దినాలలో కర్బలా అమరవీరులకోసం సామూహికంగా శోకించే మందిరం. 1595లో, దానికి కూతవేటు దూరంలో, దారుల్‌షిఫా కట్టించాడు. దార్ అంటే ఇల్లు, షిఫా అంటే స్వస్థత. ఊరు పుట్టిన అయిదేళ్ళలోపే శోకానికి ఒక ఇల్లు, స్వస్థతకు ఒక ఇల్లు.

దారుల్‌షిఫా చతురస్రాకారపు పెద్ద ముంగిలి చుట్టూ రెండంతస్తులుగా కట్టిన భవనం. వరుసగా గదులు. వాటిలో రోగులు. నాలుగువందల మంది దాకా చోటుండేదని చరిత్రకారులు రాశారు. అక్కడే హకీములు ఉండేవారు, విద్యార్థులకు పాఠం చెప్పేవారు. ఆవరణలోనే ఒక మసీదు. మందుకూ పథ్యానికీ ఖర్చు ఖజానాది. తెలుగువాడూ, వైద్యచరిత్రలో మన దేశపు ఆద్యులలో ఒకరూ అయిన డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి గారు 1957లో ఒక వ్యాసం రాస్తూ దీన్ని దక్కనులో మొట్టమొదటి యూనానీ బోధనాసుపత్రిగా నిరూపించారు. హైదరాబాదులో వైద్యచరిత్ర పరిశోధనకు ఒక సంస్థంటూ ఏర్పడటానికి కూడా ఆయనే కారకులు.

ఈ ఊరి నిర్మాణానికి సూత్రధారిగా చెప్పే పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ గురించి ఒక్క మాట. ఆయన మంత్రి, పండితుడు, భక్తుడు. ఆయన రచనల్లో 'రిసాలా మిఖ్‌దారియా' అనే చిన్న గ్రంథం ఉంది. దాని విషయం తూనికలు, కొలతలు! ఒక నగరాన్ని తీర్చిదిద్దిన మంత్రి కూర్చుని తులం ఎంత, మాషా ఎంత అని తేల్చడం మనకు వింతగా తోచవచ్చు. కానీ మందు పాలు తప్పితే విషమవుతుంది, బజారులో తూకం తప్పితే అన్యాయమవుతుంది. ఆ రెండూ ఒకే బాధ్యత అనుకున్న మనిషి ఆయన అని నాకు తోస్తుంది. చనిపోయినవారికోసం ఆయనే దాయిరా మీర్ మోమిన్ అనే శ్మశానవాటికను కూడా ఏర్పాటు చేశాడు. కర్బలా మట్టిని తెప్పించి అక్కడ చల్లించాడని ప్రతీతి. చివరకు తానూ అక్కడే నిద్రిస్తున్నాడు.

ఇంతకూ ఆ హకీములు రోగికి ఏమి చెప్పేవారు? యూనానీలో మందు మొదటి మాట కాదు. చికిత్సకు నాలుగు మెట్లు. ఆహారం మార్చడం, నడవడి మార్చడం (స్నానం, మర్దన, వ్యాయామం, కొమ్ముతో రక్తం లాగడం వంటివి), మందు, చిట్టచివర శస్త్రం. అసలు రోగమే రాకుండా ఉండాలంటే ఆరు విషయాలు కనిపెట్టుకుని ఉండాలంటారు. వాటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు, అంటే తప్పించుకోలేని ఆరు కారణాలు. అవి: గాలి, తిండీ నీరూ, దేహపు కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలుపుకోవలసినవి నిలుపుకోవడం, విసర్జించవలసినవి విసర్జించడం.

ఇందులో మన తెలుగింటికి పరాయిది ఏదీ లేదు. మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ చలువ చేస్తుంది అని మన అమ్మలు చెప్పే మాట హకీముల 'గరమ్–సర్ద్' మాటకు తోబుట్టువు. ఆయుర్వేదం చెప్పే త్రిదోషాలూ, ప్రకృతీ ఇదే కుదుటి ఆలోచనలు. 'స్వస్థ' అంటే తనలో తాను నిలిచినవాడని వ్యుత్పత్తి. సుశ్రుతుడు స్వస్థుడి లక్షణాలు చెబుతూ దోషాలతోనూ జఠరాగ్నితోనూ ఆగక, మనసూ ఇంద్రియాలూ ఆత్మా ప్రసన్నంగా ఉండాలని కూడా చేర్చాడు. మన ఆంధ్ర వైద్యులు 'బసవరాజీయం' చేతపట్టుకుని నాడి చూసేవారు. హకీములూ నబ్జ్ చూసేవారు. భాష వేరైనా ఇద్దరి వేళ్ళూ ఆనింది రోగి మణికట్టు మీదే. పాతబస్తీ వంటలో నిహారీకి వేసే 'పోట్లీ కా మసాలా' మూటలో వట్టివేరూ, ఎండు గులాబీ రేకులూ ఉంటాయి. అది వంటింట్లోకి వచ్చిన హకీము దుకాణమే.

ఆ ఆరింటిలో నాలుగవది నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది. మనసుకు కదలిక ఏమిటి? హకీముల వివరణ ప్రకారం గుండెలో 'రూహ్' అనే సూక్ష్మమైన ఆవిరి ఉంటుంది. మతం చెప్పే ఆత్మ, ఇదీ ఒకటి కాదని వైద్యులు జాగ్రత్తగా విడదీశారు. మన 'ప్రాణం' దీనికి దగ్గర. కోపం వస్తే రూహ్ ఒక్క ఉదుటున లోపలినుంచి బయటికి ఉరుకుతుంది, ముఖం ఎర్రబడుతుంది. సంతోషంలో మెల్లమెల్లగా బయటికి వ్యాపిస్తుంది. భయంలో చప్పున లోపలికి ముడుచుకుంటుంది, అందుకే చేతులు చల్లబడి ముఖం పాలిపోతుంది. దుఃఖంలో కొద్దికొద్దిగా లోపలికి ఇంకిపోతుంది. అలా ఇంకిపోతూ ఉంటే మనిషి లోలోపల ఆరిపోతాడు. శరీరధర్మంగా ఇది నేడు నిలవకపోవచ్చు. కాని దుఃఖాన్ని చూసినవాళ్ళెవరూ ఈ వర్ణన అబద్ధమనలేరు. దేహమూ మనసూ ప్రాణమూ మూడు గదులు కావనీ, ఒకే గదిలో వీచే గాలి అనీ ఆ వైద్యుల తాత్పర్యం.

కాలక్రమాన దారుల్‌షిఫాలో వైద్యం ఆగిపోయింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. రాజధాని వైభవం చెదిరిపోయింది. తరవాత వచ్చిన ఆసఫ్‌జాహీల కాలంలో కొత్త ఆసుపత్రులు పుట్టాయి. ఆసుపత్రి పోయినా పేట పేరు పోలేదు. ఇక్కడొక విచిత్రం జరిగింది. అదే దారుల్‌షిఫాలో ఒక ఆషుర్‌ఖానా వెలసింది. దాన్ని సర్‌తౌఖ్ అలావా అంటారు. కర్బలా యుద్ధం తరవాత ఇమామ్ జైనుల్ ఆబెదీన్ మెడకు శత్రువులు వేసిన ఇనుప పట్టెడలోని ఒక ముక్క అక్కడి ఆలంలో ఉన్నదని భక్తుల విశ్వాసం. ఆ ఇమామ్ కర్బలాలో యుద్ధానికి వెళ్ళలేకపోయినది జబ్బుపడి ఉన్నందున. రోగులకోసం కట్టిన ఇల్లు చివరికి ఒక రోగి స్మృతికే నెలవైంది.

నేను ఒక శీతాకాలపు మధ్యాహ్నం నయాపూల్ వైపు నుంచి నడిచి ఆ పేటలోకి వెళ్ళాను. మోటారు విడిభాగాల దుకాణాల సందడి మధ్య, పాత రాతిగోడలూ కమానులూ అక్కడక్కడ కనిపించాయి. ముంగిలి ఏది, వార్డు ఏది అని ఊహించుకోవలసిందే. అక్కడ ఒక వృద్ధుడిని ఆసుపత్రి ఎక్కడుండేదని అడిగితే, "ఇదంతా ఆసుపత్రే బాబూ, ఇప్పుడు ఏడవడానికి వస్తారు" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు.

ఆ మాట నాలో ఒక ముడి విప్పింది. దుఃఖం కొద్దికొద్దిగా లోపలికి ఇంకిపోవడమే ప్రమాదమని హకీములన్నారు కదా. మొహర్రం పదవనాడు డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయలుదేరుతుంది. చార్మినార్, గుల్జార్ హౌజ్, మీర్ ఆలం మండీ మీదుగా దారుల్‌షిఫా దాటి చాదర్‌ఘాట్ చేరుతుంది. దారి పొడవునా వేలమంది బాహాటంగా ఏడుస్తారు. ఒకరి ఏడుపుకు మరొకరు సాక్షి. షియాలకు అది ధర్మం, భక్తి. నేను దాన్ని చికిత్స అనడం లేదు. కానీ లోపలికి ఇంకే దుఃఖానికి ఊరంతా కలిసి ఒక రాజవీధిని ఇవ్వడం అనే ఏర్పాటును ఒంటరి గదిలోని ధ్యానంతో పోల్చి చూడండి. మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగనాడు హిందువులు కూడా పీర్లను ఎత్తుకుని అలావా చుట్టూ తిరగడం వెనుక కూడా ఇటువంటి అవసరమే ఉండి ఉంటుంది.

తెలుగు పాతబస్తీకి తన దారి తనకుంది. ఆషాఢంలో, వానలు పడి గత్తర భయం మొదలయ్యే ఋతువులో, బోనాలు. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి గుడికి వేపాకులు కట్టిన, పసుపు పూసిన కుండల్లో అన్నం తీసుకువెళతారు. 1908 వరద వేళ మహారాజా కిషన్ ప్రసాద్ సలహా మీద ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఈ అమ్మవారికి మొక్కు చెల్లించాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. భయం చప్పున లోపలికి ముడుచుకుంటుందన్నారు హకీములు. డప్పు దాన్ని బయటికి లాగుతుంది. ఇక దేహం మాటకొస్తే, బస్తీ బస్తీకి ఒక తాలింఖానా ఉండేది. ఎర్రమట్టిలో పోరగాళ్ళు ఉస్తాదు కనుసన్నలలో కుస్తీ పట్టేవారు. నిజాము అరబ్బు సైనికుల బ్యారకులుండిన బార్కస్ నుంచి ఎందరో పహిల్వాన్లు వచ్చారు. దేహానికి తాలింఖానా, దుఃఖానికి ఆషుర్‌ఖానా, భయానికి అమ్మవారి గుడి. అన్నీ బస్తీ ఉమ్మడి ఆస్తులే.

ఇక్కడ ఆగిపోతే ఈ వ్యాసం కుతుబ్‌షాహీల స్తోత్రమవుతుంది. న్యాయమైన పంపకమని మొదలుపెట్టాను గనుక రెండో తట్టలోకి కూడా చూడాలి. దారుల్‌షిఫాలో ఉచితంగా పోసిన మందుకు సొమ్ము ఎక్కడిది? తెలుగు రైతు శిస్తుది, నేతగాళ్ళ బట్టది, గని కూలీలు తీసిన వజ్రాలది. 1618–22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యంలో వసూలు హక్కులను వేలంలో పాడుకోవడాన్నీ, పాడుకున్నవాడు రైతును పిండడాన్నీ వర్ణించాడు. గోల్కొండ సమాధుల ఆవరణలో రాజుల పక్కనే నిజాముద్దీన్ అహ్మద్ గీలానీ, అబ్దుల్ జబ్బార్ గీలానీ అనే ఇద్దరు హకీములకు 1651లో కట్టిన జంట సమాధులున్నాయి. రాజవంశం కానివారికి అక్కడ చోటు దక్కడం అరుదు. అబ్దుల్లా కుతుబ్‌షా వైద్యులను అంత గౌరవించాడు. కాని ఆ రాజ్యంలోని మారుమూల పల్లెలో ప్రసవవేదన పడుతున్న ఆడమనిషికి ఏ గీలానీ వచ్చాడు? నగరం నడిబొడ్డుకు అందిన ఎతెదాల్ ఊరి పొలిమేరకు అందలేదు.

తరవాతి చరిత్ర కూడా ఇదే పాఠాన్ని వేరే భాషలో చెప్పింది. 1846లో హైదరాబాదులో పాశ్చాత్య వైద్యపాఠశాల మొదలైంది. కొత్త వైద్యం వచ్చింది, పాత వైద్యమూ సాగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలాది మంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రే కూలిపోయింది. బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో కింది వరుస పలకలు కూడా ఆ నీళ్ళకే పాడయ్యాయి. 1911లో ప్లేగు వచ్చింది. ఈ దెబ్బల తరవాత ఏడవ నిజాం ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి సంస్థను ఏర్పరచి, ఇరుకు బస్తీలను విడదీసి గాలి ఆడేలా ఇళ్ళు కట్టించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరద అదుపుకు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వాటి నుంచే తాగునీరూ వచ్చింది. హకీముల ఆరు కారణాలలో మొదటివి గుర్తున్నాయి కదా: గాలి, ఆపైన తిండీ నీరూ. ఏ గృహస్థూ తన ఇంట్లో కూర్చుని సంపాదించుకోలేని గాలినీ నీటినీ ఊరు కట్టింది. నిత్య వ్యాయామం వల్ల కాని, జపం వల్ల కాని ప్లేగు పోలేదు.

అదే ఏడవ నిజాం కాలంలో చార్మినార్ పక్కన, మక్కా మసీదుకు ఎదురుగా, నిజామియా యూనానీ ఆసుపత్రి భవనం లేచింది. గుంబజులతో, విశాలమైన వసారాలతో, దారుల్‌షిఫాకు మనుమడిలా ఉంటుంది. దాని పక్కనే కళాశాల. నగరంలో మరోవైపు ఎర్రగడ్డలో కేంద్రప్రభుత్వపు యూనానీ పరిశోధన సంస్థ ఉంది. బొల్లి మచ్చలకు అక్కడ చేసే చికిత్సకు దేశమంతటి నుంచీ జనం వస్తారు. బొల్లి ఒంటిని నొప్పించదు, ప్రాణం తీయదు. పదిమంది చూపు దాన్ని రోగం కంటే పెద్దది చేస్తుంది. పెళ్ళి చెడుతుంది, మనసు చితుకుతుంది. దేహం మీది మచ్చ మనసులోకి ఇంకే ఈ దారిలో మందు చేయగలిగినది కొంత, చుట్టూ ఉన్నవాళ్ళు చేయవలసినది కొంత.

చివరగా లాడ్‌బజారు సంగతి. చార్మినార్ నీడలో మెరిసే ఆ లక్క గాజులు ఎక్కువగా ఇరుకు ఇళ్ళలో తయారవుతాయి. లక్కను మెత్తబరచడానికి ఎదురుగా బొగ్గుల కుంపటి ఉండాలి. గంటల తరబడి దాని ముందు కూర్చుని, వేడి లక్కను సాగదీసి, గుండ్రంగా చుట్టి, అద్దపు రాళ్ళు ఒక్కొక్కటే అతకాలి. ఆ పని చేసే ఆడమనిషిని ఆ ఆరు కారణాల పట్టీతో తూచి చూడండి. గాలి: పొగ. తిండి: గిరాకీని బట్టి. దేహపు కదలిక: వేళ్ళకు మాత్రమే. మనసు కదలిక: అద్దె, ఫీజు, అప్పు. నిద్ర: పెళ్ళిళ్ళ కాలంలో దొరకదు. ఆరింటిలో ఒక్కటైనా ఆమె చేతిలో ఉందా? ఆమెకు సమతుల జీవనం మీద ఉపన్యాసం ఇవ్వడం, తిండిలేనివాడికి లంఖణం గొప్పతనం చెప్పడం వంటిది.

ఆ హకీముల మాటలో బలం ఇక్కడే ఉంది, పరిమితీ ఇక్కడే ఉంది. ఆరోగ్యానికి గాలి, నిద్ర, నిశ్చింత కావాలని వారు స్పష్టంగా చూశారు. వాటిని ఔషధాలకంటే ముందు పెట్టారు. కాని చీటీ మీద 'మంచి గాలి' అని రాసిన హకీము ఆ గాలి ఎక్కడ అమ్ముతారో రాయలేడు. అది రాయవలసినది నగరం. 1595లో ఒక రాజు, అతని లోటుపాట్లు ఎన్ని ఉన్నా, ఆ చీటీలో కొంత భాగాన్ని తన పద్దు మీద వేసుకున్నాడు. 1912లో ఒక సంస్థ ఇంకొంత వేసుకున్నది. ఆ తరవాత మనం మెల్లగా ఆ పద్దును మనిషి మనిషికీ విడివిడిగా పంచేశాం. గాలి నీ బాధ్యత, నీళ్ళు సీసాలో కొనుక్కో, మనశ్శాంతికి శిబిరంలో చేరు. దారుల్‌షిఫాకు నాలుగడుగుల దూరంలో మూసీ మురుగు మోస్తూ పోతోంది. స్వస్థతకు ఇల్లు కట్టడానికి ఆ నది ఒడ్డు తగిన చోటని ఒకనాడు ఎంచుకున్నారంటే ఈనాడు నమ్మడం కష్టం.

ఒంటికి, మనసుకు, ప్రాణానికి ఎవరి శ్రద్ధ వారు తీసుకోవద్దని నేను అనడం లేదు. ప్రకృతిని కాపాడుకోవలసిన మొదటి కాపలాదారు మనిషే. తబియతే అసలు వైద్యురాలనీ, హకీము ఆమెకు సేవకుడు మాత్రమేననీ యూనానీ కూడా చెబుతుంది. అయితే ఇబ్న్ సీనా వివరణను ఆ త్రాసు పక్కనే ఉంచుకుందాం. సమతూకమంటే నా రెండు తట్టలూ సమంగా నిలవడం కాదు, ఎవరికి తగిన వాటా వారికి అందడం. ఒక దేహంలో అది నిజమైతే ఒక ఊరిలో కూడా నిజమే. గుండె ఒక్కటే హాయిగా ఉండి కాలు కుళ్ళుతున్న దేహాన్ని ఏ వైద్యుడూ ఆరోగ్యమనడు.

ఈసారి పాతబస్తీకి వెళ్ళినప్పుడు గాజులు కొనే ముందు, కుంపటి ముందు కూర్చున్న మనిషిని "పానం మంచిగున్నదా అమ్మా?" అని అడిగి చూడండి. ఆమె చెప్పే జవాబు ఆమె ఒంటి గురించి మాత్రమే ఉండదు.